నర్సమ్మ గారి కోళ్లు, మా భైరవుడు

తవుడులో వేడి గంజి పోసి చేత్తో కలిపితే ఒక వాసన వస్తుంది. తియ్యగానూ ఉండదు, పుల్లగానూ ఉండదు, కాస్త పచ్చిగా, వెచ్చగా ఉంటుంది. మొన్న పొద్దున మందుల షాపుకని బయల్దేరి, మెయిన్ రోడ్డు మీద ఆటోల గోల పడలేక సందులోంచి నడుస్తుంటే ఆ వాసన తగిలి ఆగిపోయాను. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇంకా అమ్ముడుపోకుండా మిగిలిన ఒక పెంకుటింటి ముందు ఒకావిడ సత్తు బేసిన్‌లో తవుడు కలుపుతోంది. చుట్టూ కోళ్లు చేరి తొందరపెడుతున్నాయి. "ఏం కావాలి మామ్మగారూ?" అంది. "ఏం వద్దమ్మా, వాసన చూస్తున్నా" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పాపం ముసలావిడకి ఎండ దెబ్బ తగిలిందనుకుందో ఏమో, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగుతుంటే ఎస్తేరమ్మ గారు గుర్తొచ్చారు. మీరెవరూ ఆవిడని చూసి ఉండరు. దగ్గరగా చూసినవాళ్లలో మిగిలింది బహుశా నేనొక్కదాన్నే. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్బైల్లో మాట. నాకు పెళ్లై ఏడాది తిరగలేదు. కూచిపూడి దగ్గర ఒక పల్లెలో, ఎప్పుడూ పదిమంది మసిలే ఇంట్లో పెరిగిన నన్ను తీసుకొచ్చి విజయవాడ రైల్వే క్వార్టర్స్‌లో పెట్టారు. మావారు గూడ్సు బండి గార్డు. గూడ్సు గార్డుతో కాపురం ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలియాలి. డ్యూటీ కబురు తెచ్చే కాల్ బాయ్ సైకిలేసుకొచ్చి తలుపు కొడతాడు, ఈయన సంతకం పెడతారు, జెండాలూ లాంతరూ పెట్టెలో సర్దుకుంటారు, నేను క్యారేజీ కట్టిస్తాను. అంతే. ఇక ఆ మనిషి రేపొస్తారో ఎల్లుండొస్తారో ఆ దేవుడికే ఎరుక. వచ్చాక స్నానం, భోజనం, నిద్ర. ఒక్కదానికి వంట ఎంతసేపు? ఒకటిన్నర గది ఇల్లు ఎన్నిసార్లని ఊడుస్తాను? సాయంత్రం పాలవాడితో "అరలీటరు పొయ్యి" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినపడేది, ఆ రోజుకి అదే మొదటి మాట కనుక. ఏడుపొచ్చేది. ఎవరూ చూడరు కదా అని శుభ్రంగా ఏడ్చేదాన్ని కూడా.

ఆ రోజుల్లో మా కాలనీలో ఒక అలవాటుండేది. ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ బెడదైపోతే, ఎవరో ఒక గార్డుని బతిమాలి గూడ్సు బండి చివర గార్డు ఉండే బ్రేకు వ్యానులో ఎక్కించేసేవాళ్లు. దూరాన ఏ చిన్న స్టేషన్లోనో బండి ఆగినప్పుడు గార్డు దాన్ని దించేసి, పచ్చజెండా ఊపేసి వెళ్లిపోయేవాడు. దీన్ని 'లైనుకి పంపడం' అనేవాళ్లు. చంపలేదు కదా అని అందరికీ ఒక సమాధానం. అలా ఎవరో మావారికి అంటగట్టిన నల్ల కుక్కపిల్లని దించడానికి ఆయనకి మనసొప్పలేదు. తువ్వాలులో చుట్టి ఇంటికి పట్టుకొచ్చారు. "నీకు కాలక్షేపంగా ఉంటుంది, దొంగల భయమూ ఉండదు" అన్నారు. నేను వాడికి భైరవుడని పేరు పెట్టి, పాలూ అన్నం పెట్టి పెంచాను. వాడొచ్చాక ఇంట్లో మాట పుట్టింది. నేను గుమ్మంలో కూర్చుని కూరలు తరుగుతూ వాడికి మా ఊరి సంగతులన్నీ చెప్పేదాన్ని. వాడు చెవులు నిక్కించి వినేవాడు. నన్నడిగితే అప్పట్లో నా కాపురం సగం వాడితోనే.

ఎస్తేరమ్మ గారిది మా పక్క క్వార్టరు. ఆసుపత్రిలో నర్సు. కాలనీ అంతా నర్సమ్మ గారు అనేది. యాభై దాటిన మనిషి, తెల్లచీర, నల్లగొడుగు, ఎవరితోనూ అక్కర్లేని మాటలేదు. పెళ్లి చేసుకోలేదు. ఆవిడకి ఉన్న సంసారమల్లా పెరట్లో కోళ్లు, రోజూ పొద్దున వాటికి తవుడులో గంజి పోసి కలిపేవారు. అన్నిటికీ పేర్లు పెట్టుకున్నారు. వాటిలో బూడిదరంగు పెట్ట ఒకటుంది, దాన్ని బూడిదమ్మ అనేవారు. అది ఆవిడ డ్యూటీ నుంచి వచ్చే వేళకి గుమ్మం ముందు నిలబడేది. గుడ్లు పేషెంట్లకి ఇచ్చేసేవారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర వండుకోవాలంటే బజారు నుంచి తెచ్చుకునేవారు గానీ తన కోడిని మాత్రం ఏనాడూ కొయ్యలేదు. "పేరు పెట్టి పిలిచినదాన్ని కంచంలో ఎలా వేసుకుంటానమ్మా?" అనేవారు. దానికి కాలనీ ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. మా రెండిళ్ల పెరళ్ల మధ్య కర్రల కంచె ఎప్పుడో చెదలు తినేసింది. అటు కోళ్లు, ఇటు కుక్కపిల్ల. జరగబోయేది ఎవరైనా చెప్పగలరు.

భైరవుడు ఏడాది వాడయ్యాక ఒక పొద్దున జరగనే జరిగింది. నేను కేకలేస్తూ వెళ్లేసరికి వాడి నోట్లో ఎర్ర పెట్ట వేలాడుతోంది. నా కేకలకి చుట్టుపక్కల వాళ్లు పోగయ్యారు. వెనక వరసలో ఉండే ఫిట్టరు పెద్దమనిషి ఇదే అదనన్నట్టు ముందుకొచ్చాడు. చచ్చిన కోడిని కుక్క మెడకి కట్టి, అది కుళ్లి ఊడిపోయేదాకా తిప్పితే ఆ కుక్క జన్మలో కోడి జోలికి పోదని ఆయన నమ్మకం. ఆయనదే ఏంటి, కాలనీ మొత్తానిదీ అదే నమ్మకం. తనే పురికొస తెచ్చి కట్టాడు కూడా. మావారు నిద్రలోంచి లేచొచ్చి, లుంగీ సర్దుకుంటూ గుమ్మంలో నిలబడ్డారు. భైరవుడు ఆ బరువుతో తల వేలాడేసుకుని నా కాళ్ల మధ్యకి దూరాడు. నాకు కోడిని ముట్టుకోవడమే తెలియదు. మాది ఉల్లిపాయకే ముహూర్తం చూసే ఇల్లు. వాణ్ణి దగ్గరకి తీసుకోలేను, తొయ్యలేను.

అప్పుడే ఎస్తేరమ్మ గారు డ్యూటీ నుంచి వచ్చారు. గొడుగు మడిచి గోడకి ఆనించి, ముందు కోడిని చూశారు, తర్వాత కుక్కని చూశారు. ఇంట్లోకెళ్లి కత్తెర తెచ్చి పురికొస కత్తిరించారు. "కోడి వాసన రోజంతా ముక్కుకి కట్టి, కోడి జోలికి పోవద్దంటే వాడికేం అర్థమవుతుందండీ?" అన్నారు ఫిట్టరుతో. గొంతు పెంచలేదు. ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మావారికి మాత్రం తల కొట్టేసినట్టయింది. "సిస్టరు గారూ, మీ ముందు నాకు మొహం చెల్లట్లేదండీ. ఇదే ఆఖరు. ఇంకొక్క కోడి పోయిందంటే వీణ్ణి వచ్చిన దారినే లైనుకి పంపేస్తాను" అన్నారు. మావారు మాట ఇస్తే ఇచ్చినట్టే. అందులో ఆయన బండి కంటే నయం, ఒక్క నిమిషం కూడా లేటుండదు. కోడి కంటపడితే చాలు తోక బిగించే కుక్క, అడ్డం లేని పెరడు. వాడు నా దగ్గర ఉండటమా, పోవడమా అన్నది ఇక ఆ కోళ్ల ప్రాణం మీద పడింది.

మర్నాడు సాయంత్రం ఆవిడే మా పెరట్లోకి వచ్చారు. "అమ్మాయ్, ఇలా కూర్చో" అని పీట వేయించి, నేను తేరుకునేలోపల బూడిదమ్మని తెచ్చి నా ఒళ్లో పెట్టేశారు. నేను పెట్టిన కేకకి పక్కనున్న వేపచెట్టు మీద కాకులు లేచిపోయాయి. కోడి రెక్కలు కొట్టింది. కట్టేసి ఉన్న భైరవుడు తాడు తెంచుకోబోయాడు. ఎస్తేరమ్మ గారు నడుం మీద చేతులేసుకుని చూశారు. "చూశావా? నువ్వు అరిచావు, అది బెదిరింది, అది బెదిరితే వాడికి వేట గుర్తొచ్చింది. కోడి కనపడగానే నువ్వే అంత హడావిడి పడితే వాడు అదేదో మహా విశేషం అనుకోడా? వాడి సంగతి తర్వాత. ముందు నీకు నేర్పాలి." ఇంట్లోకెళ్లి నెత్తిన నీళ్లు పోసుకోవాలి, మడిబట్ట మార్చుకోవాలి, మా అత్తగారికి తెలిస్తే ఇంకేమైనా ఉందా అని లోపల నా గోల నాది. కానీ ఆ కోడి నా ఒళ్లో మెల్లగా సర్దుకుని కూర్చుంది. దాని గుండె నా అరచేతికి టకటకా తగులుతోంది. అంత చిన్న ప్రాణి అంత భయాన్ని ఎక్కడ దాచుకుంటుందో అనుకున్నాను.

అలా రోజూ సాయంత్రాలు మొదలయ్యాయి. ఆవిడ పద్ధతులు వినడానికి తేలిక, చెయ్యడానికి ఓపిక కావాలి. ముందు భైరవుడికి కడుపునిండా పెట్టాలి, ఆకలితో ఉన్నవాడికి బుద్ధులు చెప్పకూడదు. తర్వాత పొట్టి తాడు కట్టి, పెరటికి ఈ చివర నేను వాడితో కూర్చోవాలి, ఆ చివర ఆవిడ కోళ్లకి నూకలు చల్లుతారు. వాడు కోళ్లని చూసి బిగుసుకుంటే తిట్టకూడదు, కొట్టకూడదు, తాడు గుంజకూడదు. కోడి మీంచి చూపు తిప్పి నా మొహంలోకి చూసిన ఆ క్షణంలో "మంచివాడివి" అని బిస్కెట్టు ముక్క పెట్టాలి. ముక్క ఒక్క రవ్వ ఆలస్యమైతే "ఇప్పుడు దేనికి పెట్టావో వాడికేం తెలుస్తుంది?" అని నన్ను కోప్పడేవారు. వాడు కుదురుగా ఉన్న రోజున పీట రెండు జానలు ముందుకి జరిగేది. ఎగిరితే మళ్లీ మొదటికి. ఆవిడ వాణ్ణి భైరయ్యా అని పిలిచేవారు. "మీ దేవుడి పేరు పెట్టావు, తిట్టడానికి నోరు రావట్లేదు తల్లీ" అని విసుక్కునేవారు.

వానాకాలంలో ఒక పెట్ట పిల్లల్ని దించింది. భైరవుడు తాడు చివర దాకా వెళ్లి, ముక్కు చాచి, ఇదేమిటీ అన్నట్టు వాసన చూశాడు. ఆ తల్లి రెక్కలు విప్పుకుని వచ్చి వాడి ముక్కు మీద టపీమని పొడిచింది. అంత కుక్కా కుయ్యోమని వచ్చి నా కొంగు వెనక దాక్కున్నాడు. ఎస్తేరమ్మ గారు నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఊపిరాడక నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. దీపాలు పెట్టే వేళ దాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. మళ్లీ వెంటనే ఆవిడ మొహం మామూలుగా అయిపోయింది. "ఇంట్లో నవ్వి ఎన్నాళ్లయిందో" అన్నారు, నాతో అన్నట్టుగా కూడా కాదు.

ఒకసారి చనువు కొద్దీ అడిగేశాను. "పెళ్లెందుకు చేసుకోలేదండీ?" అని. ఆవిడ కోళ్లగూడులో బూడిద చల్లుతున్నారు. చేతిపని ఆపకుండానే చెప్పారు. "తమ్ముళ్ల చదువులన్నారు, చెల్లెలి పెళ్లి అన్నారు. అవన్నీ అయ్యేసరికి నా సంగతి అడిగేవాళ్లే లేకపోయారు. అడిగి ఉంటే చేసుకునేదాన్నేమోనమ్మా." అంతే. జాలి పడమని చెప్పలేదు. నేనే మాట మార్చడానికి భైరవుడు ఇక తాడు లేకుండా ఉండగలడు కదండీ అన్నాను. అప్పటికి కోళ్లు వాడి ముందు నుంచి తిరుగుతున్నా వాడు కన్నెత్తి చూడటం మానేశాడు. ఆవిడ మాత్రం ఎవరూ పెరట్లో లేనప్పుడు కోళ్లని జాలీ గూట్లో పెట్టి గడియ వెయ్యాల్సిందే అనేవారు. "మంచివాడే, కాదనను. కానీ కుక్క కదమ్మా" అనేవారు.

ఆవిడ అన్నట్టే అయింది. వేసవి ఎండలు ముదిరిన ఒక సాయంత్రం, నేను పెరట్లోనే ఒడియాలు తీస్తున్నాను. కోళ్లు బయటే ఉన్నాయి, భైరవుడు నీడలో పడుకున్నాడు. ఉన్నట్టుండి గాలిదుమారం లేచింది. తడికె ఒకటి ఎగిరొచ్చి కోళ్ల మధ్య పడింది. కోళ్లు అరుచుకుంటూ చెల్లాచెదురయ్యాయి. వాటిలో ఒకటి గాల్లోకి లేచి, దారి తెలియక, సరిగ్గా నిద్రలో ఉన్న వాడి మొహం మీద పడింది. రెప్పపాటు. నేను "భైరవా" అనేలోపల అయిపోయింది. వాడే వదిలేశాడు, వదిలేసి వెనక్కి వెనక్కి నడిచి గోడకి ఆనుకున్నాడు. దుమ్ములో పడి ఉన్నది బూడిదమ్మ. లోపల మావారు నిద్రపోతున్నారు. సాయంత్రం డ్యూటీ. కాల్ బాయ్ వచ్చే వేళవుతోంది. ఆయన లేచి ఇది చూస్తే, ఈ బండిలోనే భైరవుడు లైనుకి పోతాడు. ఏ ఊళ్లో దిగుతాడో, ఎవరు అన్నం పెడతారో తెలియదు. ఆ కోడిని రెండు చేతుల్లోకి తీసుకుని, ఎటు వెళ్లాలో తెలియక అలాగే నిలబడిపోయాను.

వీధి గేటు చప్పుడైంది. ఎస్తేరమ్మ గారు గొడుగుతో పెరటి దారినే వచ్చారు. గుమ్మం ముందు ఎదురుచూసే కోడి లేదని అప్పటికే తెలిసిపోయినట్టుంది. నా చేతుల్లోకి చూశారు. గోడ దగ్గర వణుకుతున్న కుక్కని చూశారు. మా కిటికీ వైపు చూశారు. లోపల మంచం కిర్రుమంది. ఆవిడ నా చేతుల్లోంచి కోడిని తీసుకున్నారు. తన వంటింట్లోకి వెళ్లి కత్తి తెచ్చి, పెరట్లోనే నేల మీద చతికిలబడి, దాని మెడ మీద కత్తి పెట్టారు. తర్వాత గబగబా ఈకలు పీకడం మొదలుపెట్టారు. చర్చికి కట్టుకునేంత తెల్లటి చీర మీద నెత్తురు పడింది.

మావారు ఆవలిస్తూ బయటికొచ్చి ఆగిపోయారు. "ఏంటండీ సిస్టరు గారూ, ఇదేంటి? మీరు కోడిని కోశారా?" అన్నారు. "ఏం, నేను తినకూడదాండీ గార్డు గారూ?" అన్నారు ఆవిడ, తలెత్తకుండానే. "ఎప్పుడూ కొయ్యరు కదా అని…" "ముసలిదైపోయింది. గుడ్లు మానేసింది. ఎన్నాళ్లు మేపుతాను?" అప్పటికి పొరుగింటి ఆడవాళ్లు ఒకరిద్దరు గోడ మీంచి చూస్తున్నారు. "చివరికి నర్సమ్మ గారు కూడా దారికొచ్చారు" అని ఎవరో నవ్వారు. మావారు కూడా నవ్వి, మొహం కడుక్కోవడానికి వెళ్లిపోయారు. అబద్ధమాడటం ఆవిడకి చేతకాదని నాకు తెలుసు. ఒక్కో ఈకా పీకి పక్కన పోగు పెడుతూనే ఉన్నారు.

కాల్ బాయ్ వచ్చాడు, మావారు డ్యూటీకి వెళ్లారు. భైరవుడు గోడ దగ్గరే ఉండిపోయాడు. పక్క వంటింట్లోంచి కూర ఉడికే వాసన మొదలైంది. ఊరికే పాతిపెట్టేయొచ్చు కదా, ఇప్పుడు చూసేవాళ్లెవరున్నారు అనుకున్నాను. కానీ కూర అన్నాక వండాలి, వండాక తినాలి, పొద్దున ఆడవాళ్లు ఎలా ఉందని అడుగుతారు, రెండో అబద్ధం ఆవిడ నోట రాదు. పుట్టి బుద్ధెరిగాక మాంసం వండే ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టని దాన్ని, కంచంలో పెరుగన్నం కలుపుకుని ఆవిడ గుమ్మం ఎక్కాను. ఆవిడ నన్ను చూసి లేవబోయారు. "కూర్చోండి, నేనూ తినలేదు" అని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. చేతులు జోడించి ప్రార్థన చేసుకున్నారు. ముద్ద కలిపారు. చాలాసేపు అది చేతిలోనే ఉంది. తర్వాత నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నమిలి మింగారు. కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"ఎందుకండీ ఇంత పని చేశారు?" అన్నాను. నాకూ ఏడుపు ఆగడం లేదు. "తప్పు చేసింది వాడు కదా." ఆవిడ ఇంకో ముద్ద కలుపుకున్నారు. "తప్పేముందమ్మాయ్, గాలికి వచ్చి మీద పడింది. అది ఎలాగూ పోయింది, ఏడ్చినా రాదు. వాడు కూడా పోతే రేపటి నుంచి నువ్వు గోడలతో మాట్లాడుకోవాలి. నేను వయసులో ఉన్నప్పటి నుంచీ అదే పని చేస్తున్నాను. మంచి పని కాదమ్మా అది. నీకొద్దు." కంచం ఖాళీ చేశారు. చెయ్యి కడుక్కుని, ఎముకలన్నీ ఏరి కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు. "లోతుగా పాతిపెట్టు. వాడికి అందకూడదు. ఉడికిన కోడి ఎముక చీలి గొంతులో గుచ్చుకుంటుంది" అన్నారు. అప్పుడు కూడా ఆవిడ దిగులు వాడి గొంతు గురించే.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లకి ఆవిడ రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, అవనిగడ్డ వైపు తమ్ముడి కొడుకు ఇంటికి వెళ్లిపోయారు. కోళ్లని ఆసుపత్రి ఆయాలకి పంచేశారు. ఒక్కసారే వెళ్లి చూడగలిగాను. పక్క వరండాలో ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె. అందరూ బాగానే చూస్తున్నారన్నారు. "మాట్లాడతారా?" అని అడిగాను. "పనులుంటాయి కదమ్మా వాళ్లకి" అన్నారు. వచ్చేస్తుంటే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ ఏడే పోయారట. నాకు కబురు తెలిసేసరికి అంతా అయిపోయింది. భైరవుడు మా గుమ్మంలోనే ముసలివాడై, నిద్రలో పోయాడు. ఆ కోడి సంగతి మావారికి ఎన్నడూ చెప్పలేదు. చెబితే ఆయన నవ్వేసి ఊరుకునేవారే. కానీ చెప్పాలంటే ఆవిడ ఆ ముద్ద మింగడం గురించి కూడా చెప్పాలి, అది నా వల్ల కాలేదు.

ఇప్పుడు మావారూ లేరు. అమ్మాయి ఏలూరులో ఉంటుంది, రోజూ ఫోన్ చేస్తుంది. "అమ్మా, ఒక్కదానివే ఏం చేస్తున్నావే?" అంటుంది. టీవీ చూస్తున్నానంటాను. నిజానికి టీవీ పెట్టను. మధ్యాహ్నం ఈ మూడు గదుల ఫ్లాటు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే గోడలతో మాట్లాడాలని నోటిదాకా వస్తుంది. మాట్లాడను. ఆ పని వద్దని ఒకావిడ తన కోడిని తను తిని నాకు చెప్పింది. కంచంలో అన్నం వడ్డించుకుని, ఎదురుగా ఇంకో పీట వేసి, "రండి ఎస్తేరమ్మ గారూ, చల్లారిపోతోంది" అంటాను.